గోడ మీద మేకు గుర్తు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలారా! మీ తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మీకు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బళ్లో హిందీ. “సినిమా తీయాలనుంది గానీ తెలుగులో డైలాగులు రాయడం రాదండీ” అంటారు. రాకపోతే నేర్చుకోండి, మంచిదే. అది వచ్చేదాకా కెమెరా ముట్టనంటే మాత్రం ఒప్పుకోను.

నాటకరంగంలో పెద్దపేరు తెచ్చుకున్న సత్యదేవ్ దూబే మీ ఊరివాడే. 1936లో ఇక్కడే పుట్టాడు. శ్యామ్ బెనెగళ్ తొలి కథాచిత్రం ‘అంకుర్’ (1974)కు మాటలు రాసింది ఆయనే. కథ మన తెలంగాణ పల్లెలో నడుస్తుంది, పాత్రలు దక్కనీలో మాట్లాడతాయి. అంతటి మాటకారి పనిచేసిన ఆ సినిమాలో కొరడా దెబ్బలు తినే కిష్టయ్యకు నోరు లేదు, చెవులు వినబడవు. చివర్లో అతని పెళ్లాం లక్ష్మి దొర కొడుకును కడుపుమంటతో తిట్టిపోస్తుంది. వాడు లోపల నక్కుతాడు. అప్పుడొక చిన్న పిల్లాడు రాయి తీసి కిటికీ మీదికి విసురుతాడు. అద్దం భళ్లుమంటుంది. తెరంతా ఎర్రబడుతుంది. సినిమా అయిపోయింది.

ఆ రాయి గోడకో తలుపుకో తగిలి ఉంటే? ఏమీ జరగదు. అద్దాల కిటికీ గుడిసెకు ఉండదు, దొరింటికే ఉంటుంది. పగిలే వస్తువు ఎవరింట్లో ఉంది, రాయి ఎవరి చేతికి అందింది అన్నదాంట్లోనే కథంతా ఉంది. ఈ అమరికకు ఫ్రెంచివాళ్లు మిజాన్‌సెన్ అని పేరు పెట్టారు. నాటకశాల నుంచి వచ్చిన మాట అది. గది, సామాను, వెలుతురు, బట్టలు, మనిషి నిలబడే చోటు అన్నీ అందులోకే వస్తాయి. పేరు మరిచిపోయినా ఫర్వాలేదు, పని మరవకండి.

మీకు బాగా తెలిసిన రోజొకటి తీసుకోండి. నాన్న రిటైరయ్యారు. క్వార్టర్ రైల్వేది, ఖాళీ చేయాలి. మూటలు కట్టేశారు. సింహాచలం అప్పన్న పటం దించేశారు. ఇన్నేళ్లూ పటం ఉన్న మేర సున్నం తెల్లగా మిగిలింది, పైన మేకు. ఇప్పుడు కుర్చీ ఎక్కడ వేస్తారు? గుమ్మం దగ్గర, ముఖం బయటికి పెట్టి వేస్తే ఆయన ప్రయాణానికి సిద్ధమైన మనిషి. అదే కుర్చీని ఆ తెల్ల మచ్చకు ఎదురుగా వేశారా, ఆయన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. ట్యూబ్‌లైటు వెలుగుతుంటే అది ఇంకా ఇల్లే. దాన్ని ఆర్పి, ఒక్క తలుపు సందులోంచి వెలుతురు రానిచ్చి చూడండి. సన్మానంలో వేసిన పూలదండ మెడలో ఉంచుతారా, తీసి టిఫిన్ కేరేజీ మీద పెడతారా? కేరేజీ మీద దండ వాడిపోతుంటే, రేపు పొద్దున్న అమ్మ అన్నం కట్టనక్కర్లేదని ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఇందులో మీరు రాయాల్సిన డైలాగు ఒక్కటీ లేదు. ఇది ఎవరిల్లో చెప్పడానికి అప్పన్న పటం చాలు.

దర్శకుడు బాపు షూటింగుకు ముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారు. మీకు ఆయన గీత రాదు, ఎవరికీ రాదు! నోటుపుస్తకంలో కుర్చీకో గడి, మనిషికో గీత గీసినా పని జరుగుతుంది. కోట్లు పోసి వేసిన కొన్ని సెట్లు చూస్తుంటాను. వాటి గోడలు “మాకు ఇంత ఖర్చయింది” అని తప్ప మరో మాట చెప్పవు. మీ క్వార్టర్ గోడకు చెప్పేందుకు చాలా ఉంది. అది వదిలేసి పట్టాల మీదికెళ్లి స్లో మోషన్‌లో నల్లకళ్లద్దాలు పెట్టుకుంటున్నారు. ప్రాణానికి ముప్పు, చట్టానికి తప్పు, పైగా చూసి చూసి విసుగెత్తిపోయింది.

లేవండి. ఈ నెలాఖరున కూడా మీ కాలనీలో ఎవరో ఒకరు రిటైరవుతారు. ముందే వెళ్లి, “బాబాయ్, ఒక మూల నిలబడి తీసుకుంటాం” అని అడగండి. మేకులు పీకేలోగా వెళ్లండి.