శంకయు స్ఫురణయు

“కీడెంచి మేలెంచవలెను” అని మన పెద్దలు చెప్పిరి. “అనుమానము పెనుభూతము” అనియు వారే చెప్పిరి. ఈ రెండు మాటలును ఒకదాని కొకటి ఎదురుగా నిలిచినట్లు తోచును. నిదానించి చూచినచో రెండింటి బోధయు నొక్కటియే. కీడెంచుట బుద్ధిమంతుల లక్షణము. కీడెంచి అచ్చటనే నిలిచిపోవుట భూతము చేతికి చిక్కుట. ఈ మాసమున మనము విచారింపవలసిన విషయ మిదియే.

1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు హైదరాబాదునందలి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. నేడు అచ్చటినుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల వరకు అద్దాల మేడలు బారులు తీరియున్నవి. పల్లెలనుండియు చిన్న పట్టణములనుండియు వచ్చిన యువతు లెందరో అందు కొలువు చేయుచు, హాస్టళ్లలోను అద్దె యిండ్లలోను నివసించుచున్నారు. ఈ కొలువున కొక విశేషము కలదు. పై అధికారి యొక దేశమందు, తోడివారు వేరొక యూరియందు ఉండవచ్చును. అమెరికాలో ప్రొద్దు పొడుచువేళ మనకు సాయంకాలము. ముఖము చూడక, గొంతు వినక, తెరమీద వచ్చు రెండు మూడు మాటలను బట్టియే ఎదుటివారి మనస్సు నూహించుకొనవలసి వచ్చుచున్నది.

అట్టి యువతి నొకతెను తలచుకొనుడు. ఆమె దినమంతయు శ్రమించి, పని ముగించి, మేనేజరునకు వర్తమానము పంపినది. “ఓకే” అని మాత్రము జవాబు వచ్చినది. నిన్న “థాంక్యూ” అని కూడ వ్రాసిరే, నేడేల వ్రాయలేదు? మధ్యాహ్నపు సమావేశములో నేనన్న మాట నచ్చలేదేమో? నాతోడి పిల్ల అప్పుడేల నవ్వినది? ఇట్లు చిలువలు పలువలుగా నూహించుచు ఆమె రాత్రియంతయు కన్ను మూయదు. పైగా దానిని బెంగ యని తలపదు; “మనుష్యులను ఇట్టే చదివివేయుదును, నాకు ముందే తెలిసిపోవును” అని నమ్మును. ఆ మేనేజరు క్యాబు వచ్చెనని తొందరపడి అంతమాత్రమే వ్రాసియుండవచ్చును.

వ్రాత యెంత మోసకారియో 2005లో అమెరికా పండితులు జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ మొదలగువారు పరీక్షించి చూపిరి. కొన్ని వాక్యములను కొందరు నిజముగను, కొన్నిటిని ఎగతాళిగను ఈమెయిలు ద్వారా పంపిరి. అవతలివారు తమ భావమును నూటికి 78 పాళ్లు సరిగా గ్రహింతురని పంపినవారు తలచిరి. చదివినవారు సరిగా గ్రహించినది సుమారు 56 పాళ్లే! నాణె మెగురవేసి చెప్పినను 50 పాళ్లు సరిపోవును గదా. గొంతు వినినవారు మాత్రము 73 పాళ్లు సరిగా చెప్పిరి. కావున జాబును పదిసార్లు చదివినంత మాత్రమున అందు లేని సంగతి బయటపడదు.

అట్లైనచో స్ఫురణ యనునది బూటకమా? కాదు. బిడ్డ యేడ్పు వినగానే అది ఆకలియో నొప్పియో తల్లి చెప్పగలదు. మూత తీయకయే అన్నము పదునుకు వచ్చినదని అవ్వ చెప్పగలదు. ఇది మహిమ కాదు. వేలసార్లు చూచి, ప్రతిసారియు తన ఊహ ఒప్పో తప్పో వెంటనే తెలిసికొనుటచే గలిగిన నేర్పు. డేనియల్ కానెమాన్, గేరీ క్లెయిన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2009లో కలసి వ్రాసిన వ్యాసమునందును ఇట్లే తేల్చిరి. రెండు నెలల క్రిందట పరిచయమైన మేనేజరు విషయమున మన కట్టి అభ్యాస మెక్కడిది? ఊహించితిమే గాని, అడిగి సరిచూచుకొంటిమా?

మరియొక సంగతి. బెంగ స్ఫురణకు పదును పెట్టదు, మొద్దుబార్చును. 2018లో కరీనా రెమ్మెర్స్, తేయా జాండర్ అను విదుషీమణులు ప్రకటించిన పరిశోధనలో, మూడేసి మాటలు చూపి వానికి లోలోపల సంబంధము కలదో లేదో చప్పున చెప్పుమనిరి. ముందుగా ఆందోళన కలిగింపబడినవారు ఈ పనిలో తక్కినవారికంటె వెనుకబడిరి. బెంగ హెచ్చినకొలది లోచూపు హెచ్చునను నమ్మకము నిలువదు.

ఈ రెండింటిని వేరుపరచు టెట్లు? స్ఫురణ ఒకసారి పలికి ఊరకుండును. బెంగ గానుగెద్దువలె తిరిగినచోటనే తిరుగును. స్ఫురణ యెదుట నున్నదానిని చూపును. బెంగ “నన్నేమనుకొనిరో” అని తన చుట్టునే అల్లుకొనును. జవాబు దొరకినచో స్ఫురణ తృప్తిపడును. బెంగ మరియొక ప్రశ్నను వెదకుకొనును.

అయితే ఒక్క హెచ్చరిక. ఒంటికి, మానమునకు అపాయము తోచినచోట ఈ తర్కము పనికిరాదు. చీకటిలో వెంట నడచువాని విషయమున గాని, క్యాబు దారి తప్పినప్పుడు గాని, అధికారి చూపు హద్దు మీరినప్పుడు గాని “నేనే అతిగా ఆలోచించుచున్నానేమో” అని తన్ను తాను అణచుకొనరాదు. ముందు తప్పుకొనుడు, విచారణ పిమ్మట. ఆపదలో 112 కలదు. 2014 అక్టోబరులో హైదరాబాదున నేర్పడిన షీ టీమ్స్ కలవు. 10 మంది గాని అంతకు మించి గాని పనిచేయు కార్యాలయమున, స్త్రీ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ యుండవలెనని 2013 నాటి చట్టము శాసించుచున్నది. భయము పొరపాటైనచో పోవునది కొంత సంకోచము మాత్రమే. నిజమైనచో దక్కునది ప్రాణము.

తక్కిన సంగతులయందు మందు సులభము. రాత్రి వచ్చిన మాటకు రాత్రియే అర్థము కట్టకుడు. నిద్ర చాలనివారికి సామాన్యమైన ముఖమునందును బెదరింపే కానవచ్చును. ఉదయమున “నా పనిలో లోపమేమైన నున్నదా?” అని సూటిగా అడుగుడు. మీ ఊహలను ఒక పుస్తకములో వ్రాసికొని, వారము గడచిన పిమ్మట ఎన్ని నిజమైనవో లెక్కించుడు. ఊరిలోనున్న తల్లులకును ఇదే మనవి. అమ్మాయి వాట్సాపును ఎన్ని గంటలకు చూచినదో లెక్కించుచు కూర్చుండుటకంటె, ఆమె తీరిక వేళ తెలిసికొని ఒకసారి గొంతు వినుట మేలు. బెంగ వారముల తరబడి వదలక నిద్రను, ఆకలిని హరించుచున్నచో వైద్యుని చూచుటకు సిగ్గుపడరాదు. 2022లో కేంద్ర ప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ వారికి 14416 సంఖ్యకు ఫోను చేసినచో ఉచితముగా, తెలుగునందే సలహా చెప్పుదురు.

కీడెంచుట మనకెవరును నేర్పనక్కరలేదు. మేలెంచుట మాత్రము పూనికతో చేయవలసిన పని. పెద్దల సామెతలో ఆ రెండవ సగమును మరువకుడు.