వికారపు మొహం వాడే హీరో!

హీరో అంటే ఎలా ఉండాలి? చక్కని ముక్కు, ఉంగరాల జుట్టు, అమ్మాయిలు మళ్ళీ మళ్ళీ చూసే నవ్వు... ఇదే కదూ మీ జవాబు! మరి వంకర మొహంతో, పేరు వింటేనే తోటివాళ్ళు చీదరించుకునే మనిషిని హీరోగా పెట్టి సినిమా తీస్తే? తీశారండీ! 1975లో వచ్చిన బ్రిటిష్ కార్టూన్ చిత్రం ‘డిక్ డెడ్‌ఐ, ఆర్ డ్యూటీ డన్’ అదే.

ముందు కాస్త పూర్వకథ. మాటలు గిల్బర్ట్‌వి, సంగీతం సలివన్‌ది. 1871 నుంచి 1896 దాకా ఈ జంట 14 సంగీత నాటకాలు ఇచ్చింది. దాదాపు అన్నీ హాస్యమే. వీటిని ఆడించిన నిర్మాత డాయిలీ కార్ట్ 1881లో లండన్‌లో సవాయ్ థియేటర్ కట్టించి, అంతటా కరెంటు దీపాలు పెట్టించాడు. ఆ రోజుల్లో అదొక వింత! మన పద్యనాటకాలకు ‘వన్స్‌మోర్’ కొట్టినట్టే అక్కడి జనం ఈ పాటలకు కొట్టేవారు.

గిల్బర్ట్ 1911లో పోయాడు. 1961 చివర్లో కాపీరైట్ తీరేదాకా బ్రిటన్‌లో ఈ నాటకాలపై పెత్తనమంతా డాయిలీ కార్ట్ కంపెనీదే. ఆ తాళం ఊడగానే మార్పులకు దారి దొరికింది.

1960లలో ‘యానిమల్ ఫార్మ్’ కార్టూన్ తీసిన హాలస్-బాచిలర్ సంస్థ ‘రడ్డిగోర్’ని బొమ్మల్లో తీసింది. పాడింది డాయిలీ కార్ట్ గాయకులే. కథ చిత్రమైంది: ఆ వంశంలో జమీందారైనవాడు శాపం వల్ల రోజుకో నేరం చెయ్యాలి, లేదంటే చావే! గోడమీది పటాల్లోంచి చచ్చిపోయిన తాతముత్తాతలు దిగివచ్చి లెక్కలడుగుతారు. బొమ్మ కదలడానికి ఇంతకంటే మంచి చోటేది? కాకపోతే నాటకాన్ని గంటలోపు కుదించేసరికి చాలా పాటలు ఎగిరిపోయాయి.

‘డెడ్‌ఐ’ వాళ్ళు ఇంకా తెగించారు. దర్శకుడు చార్లీ బ్రౌన్ కార్టూన్ల బిల్ మెలెండెజ్. బొమ్మల రూపకల్పన రోనాల్డ్ సెర్ల్‌ది. ఆయన గీత తిన్నగా ఉండదు, అందులోనే ఉంది కొంటెతనం. రకరకాల నాటకాల్లోని పాత్రల్ని ఒక్క కథలో కలిపేశారు. దొంగలు పట్టుకుపోయిన పరమ రహస్యాన్ని తెమ్మని విక్టోరియా రాణి డెడ్‌ఐని పంపుతుంది. మాంత్రికుడూ, ఓడదొంగల రాజూ అడ్డం. బాణీలు సలివన్‌వే, మాటలు మాత్రం చాలావరకు కొత్తవి.

ఇక్కడే పేచీ! గిల్బర్ట్ హాస్యమంతా మాటల్లోనే ఉంది కదా, ఆ మాటలు తీసేస్తే మిగిలేదేమిటని పాతనాటకాల అభిమానులు అడిగితే తప్పుపట్టలేం. ఆ నష్టం నష్టమే.

కాని ఒక్క లాభం చూడండి. 1878 నాటి ‘హెచ్.ఎం.ఎస్. పినాఫోర్’ నాటకంలో ఈ డెడ్‌ఐ మామూలు నావికుడు. అందరూ సమానమేనని తోటివాళ్ళు మురిసిపోతుంటే, ఒకడి ఆజ్ఞ ఇంకొకడు పాటించాల్సినచోట సమానత్వమెక్కడిదని ఇతగాడు అడుగుతాడు. అక్షరాలా నిజం! అయినా అందరూ ఛీకొడతారు. మాట నచ్చక కాదు, ఆ మాటన్న మొహం నచ్చక. పారిపోబోయే ప్రేమికుల గుట్టు కెప్టెన్‌కి చెప్పేదీ ఇతనే కనుక విలన్ ముద్ర ఖాయం. గిల్బర్ట్ దాన్ని చురకగా వేసి వదిలేశాడు. దాదాపు వందేళ్ళకు కార్టూన్ వాళ్ళు ఆ మనిషిని ముందు వరసలోకి తెచ్చి కుర్చీ వేశారు.

నన్నడిగితే పాత నాటకాన్ని మార్చే హక్కు అలాంటివాళ్ళకే ఉంది. రంగులద్దడానికి కాదు, మూల నిలబెట్టిన మనిషికి న్యాయం చెయ్యడానికి మార్చాలి. మొహం చూసి వీడు విలన్ అని మొదటి రీల్లోనే తీర్పు చెప్పేసే అలవాటు మనకు మాత్రం లేదూ? ఈసారి హాల్లో ఆ తీర్పు రెండో రీలు దాకా వాయిదా వేసి చూడండి!