దర్యాప్తు పేరు చెప్పి ఫైలుకు తాళం వేయొద్దు

ప్రభుత్వాన్ని లెక్క అడిగితే వచ్చే జవాబుల్లో అన్నిటికన్నా తేలికైనది "దర్యాప్తు జరుగుతున్నది" అనే మాట. ఆ ఒక్క మాటతో ఫైలు బీరువాలోకి పోతుంది, అడిగినవాడు ఇంటికి పోతాడు. ఏండ్లు గడుస్తాయి. దొంగ దొరికాడా, పోయిన పైసలు తిరిగి వచ్చాయా అన్నది మాత్రం ఎవరికీ తెలియదు.

మనముంటున్న అమెరికాలోనే జరిగిన ఒక ఇంధన పన్ను మోసం చూడండి. యూటా రాష్ట్రంలో వాషకీ రెన్యువబుల్ ఎనర్జీ అని ఒక కంపెనీ ఉండేది. బయోడీజిల్ కలిపిన ఇంధనానికి కేంద్రం గ్యాలనుకు ఒక డాలరు పన్ను రాయితీ ఇచ్చేది. ఆ రాయితీ కోసం వీళ్లు తయారు చేయని సరుకు చేసినట్టు, అమ్మనిది అమ్మినట్టు కాగితాలు పుట్టించారు. ఉన్న సరుకునే ఓడల్లో తిప్పి తెచ్చి కొత్త సరుకుగా చూపించారు. క్లెయిము చేసింది 100 కోట్ల డాలర్లకు పైగా. ఖజానా నుంచి చేతికందింది 51 కోట్ల డాలర్లకు పైగా. 2016లో సోదాలు జరిగాయి, 2018లో అరెస్టులు. 2023లో కంపెనీ అధిపతికి 18 ఏండ్లు, అతనితో కలిసిన వ్యాపారికి 40 ఏండ్లు జైలు పడింది.

ఈ వివరాలు నాకు ఏ అధికారీ చెవిలో చెప్పలేదు. కేసు కోర్టుకు చేరాక అభియోగపత్రం నుంచి తీర్పు దాకా దాదాపు అన్నీ పేసర్ అనే కోర్టు వెబ్‌సైటులో పేజీకి 10 సెంట్లకు దొరుకుతాయి. ఆఫీసుల్లో ఉన్న కాగితాలకు 1966 నాటి సమాచార స్వేచ్ఛా చట్టం ఉంది. దాని కింద అడగడానికి పౌరసత్వంతో పని లేదు, హెచ్‌1బీ మీద ఉన్నవాడూ అడగొచ్చు. అంతమాత్రాన ఇక్కడ అంతా బహిరంగమే అనుకోవద్దు. పన్ను రిటర్నులు రహస్యం. దర్యాప్తును దెబ్బతీసే కాగితాలనూ ఆపుకోవచ్చు. అయితే ఎందుకు ఆపారని ఎవరైనా కోర్టుకు పోతే, దెబ్బ ఎట్లా తగులుతుందో చూపించాల్సిన బాధ్యత ఆఫీసుదే. ఇవ్వకూడని వరుసలు నల్లగా కొట్టేసి మిగతాది ఇవ్వాలి.

మన 2005 సమాచార హక్కు చట్టం దీనికేం తీసిపోదు. సెక్షన్ 8(1)(హెచ్) కింద దర్యాప్తుకు అడ్డుపడే సమాచారాన్ని ఆపుకోవచ్చు. "అడ్డుపడే" అన్న మాట దగ్గరే అసలు సంగతి ఉంది. 2007లో ఢిల్లీ హైకోర్టు ఒక పన్ను ఎగవేత ఫిర్యాదుకు సంబంధించిన కేసులోనే దీన్ని తేల్చింది. దర్యాప్తు నడుస్తున్నదని చెబితే చాలదు, సమాచారం ఇస్తే దానికి ఎట్లా ఆటంకమో కారణం చూపాలన్నది. ఇవ్వదగ్గ భాగాన్ని వేరుచేసి ఇవ్వాలని సెక్షన్ 10 చెబుతుంది. చట్టం బాగానే ఉంది. దాన్ని గుర్తుచేసేవాళ్లే తక్కువ.

బోధన్ సంగతే తీసుకోండి. అక్కడి వాణిజ్య పన్నుల కార్యాలయంలో నకిలీ చలాన్ల కుంభకోణం 2017లో బయటపడింది, సీఐడీ చేతికి పోయింది. ఒక చలానునే పలువురి ఖాతాల్లో చూపించారన్నది ఆరోపణ. రోజూ డేటాబేసులతో పని చేసేవాణ్ని కాబట్టి నాకు మొదట తోచే ప్రశ్న ఇదే: ఒకే చలాను నంబరు రెండోసారి ఎక్కుతుంటే కంప్యూటరు ఎందుకు ఆపలేదు? దీనికి జవాబు చెప్తే ఏ దర్యాప్తు చెడుతుంది?

పెట్రోలు, డీజిల్ ఇంకా జీఎస్టీలో లేవు. మన ఊరి బంకులో పోసే ప్రతి లీటరు మీదా రాష్ట్రానికి వ్యాట్ వస్తుంది. ఆ లెక్కలుండేది కూడా వాణిజ్య పన్నుల శాఖలోనే. అందుకే అక్కడ అడగడం నేర్చుకోవాలి.

అన్నీ బయటపెడితే దొంగలు జాగ్రత్త పడతారని కొందరు మిత్రులంటారు. నిజమే, రేపు ఎవరింట్లో సోదా చేస్తారో ఎవరూ అడగొద్దు. సాక్షుల పేర్లూ అడగొద్దు. ఎన్ని నోటీసులిచ్చారు, ఎంత డిమాండు వేశారు, అందులో ఎంత వసూలైంది, చార్జిషీటు ఏ తేదీన వేశారు, ఎంతమంది ఉద్యోగుల మీద శాఖాపరమైన చర్య తీసుకున్నారు – ఇవి అడగండి. అంకెలు, తేదీలు అడిగితే దర్యాప్తు సాకు నిలబడదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, తర్వాత కమిషన్.

ఇక మనవాళ్లు గమనించాల్సిన మెలిక ఒకటుంది. సమాచార హక్కు భారత పౌరులకే. ఇక్కడ గ్రీన్ కార్డు వచ్చినా భారత పాస్‌పోర్టు ఉన్నంతకాలం అడగొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న నాడు ఆ హక్కు పోతుంది, ఓసీఐ కార్డు దాన్ని తెచ్చిపెట్టదు. విదేశాల్లోని పౌరుల ఫీజు కోసం 2013లో తెచ్చిన ఈ-ఐపీవో కేంద్ర కార్యాలయాలకే చెల్లుతుంది. రాష్ట్ర కార్యాలయానికైతే ఊళ్లో ఉన్న తమ్ముడో, దోస్తో సంతకం పెట్టాలి. ప్రశ్న తయారుచేసే పని మనం చేద్దాం. ఓపిక, పట్టు మన దగ్గర ఉన్నాయి.

శ్రీకృష్ణ కమిటీ ఎనిమిదో అధ్యాయాన్ని రహస్యమని దాస్తే, బయటపెట్టండని కోర్టుకెక్కిన ప్రాంతం మనది. ఆనాడు ఎదుటివాళ్ల ప్రభుత్వాన్ని అడిగినం. ఇప్పుడు ప్రభుత్వం మనది. ప్రశ్న అడగడానికి ఇప్పుడు మొహమాటపడితే, ఆనాడు అడిగింది లెక్క కోసం కాదు, కుర్చీ కోసమే అన్నవాళ్ల మాట నిజమైతది.