పూటకూళ్లవాడిని మరిచిపోయాం!

మంచి సమరయుని ఉపమానం మీద నా సేవాజీవితంలో ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. దొంగల గురించి, యాజకుడి గురించి, లేవీయుడి గురించి, సమరయుడి గురించి గంటలకొద్దీ మాట్లాడాను. పూటకూళ్లవాడి గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు. సమరయుడు గాయాలు కట్టాడు, సత్రానికి తెచ్చాడు, ఆ రాత్రి చూసుకున్నాడు, మర్నాడు రెండు దేనారాలిచ్చి తన దారిన వెళ్లాడు (లూకా 10:35). ఆ తర్వాత కట్లు మార్చిందెవరు? వేళకు ఇంత అన్నం పెట్టిందెవరు? అర్ధరాత్రి మూలుగు వినిపిస్తే దీపం పట్టుకుని వచ్చిందెవరు? రక్షించడం ఒక్క రోజు పని. కాపాడుకోవడం చాలా రోజుల పని. ఆ రెండో పని చేసినవాడికి మన ప్రసంగాల్లో చోటే లేదు!

ఈ సత్యం నాకు వేదాంత కళాశాలలో తెలియలేదు. మా సంఘంలోని ఒక యువకుడి వల్ల తెలిసింది. అతను సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలను ఉంచే కేంద్రంలో కీపర్‌గా పనిచేసేవాడు. కొన్నేళ్ల క్రితం అతనికి ఒక పెళ్లి సంబంధం వచ్చింది. అమ్మాయి తరఫువాళ్లూ విశ్వాసులే. అబ్బాయి ఏంచేస్తాడని వాళ్లు అడిగితే, బోనులు కడుగుతాడని ఎవరో అన్నారు. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. సంబంధం తప్పిపోయింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను. అతని పక్షాన ఒక్క మాట మాట్లాడితే బాగుండేది. మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ గుచ్చుతూనే ఉంది.

ఆ తర్వాత ఒకరోజు సిగ్గుపడుతూనే అతని పని గురించి అడిగాను. పొద్దున్నే వెళ్లగానే మొదట పేడ చూస్తాడట. రాత్రి వేసిన మాంసంలో ఎంత మిగిలింది, నడక ఎలా ఉంది, పిలిస్తే తల తిప్పిందా లేదా అని చూస్తాడట. జంతువును ఒక గదిలోకి మళ్లించి, తలుపు వేసి, తాళం రెండుసార్లు సరిచూసుకున్నాకే రెండో గది కడగడానికి లోపలికి వెళ్లాలట. మందు బిళ్లను మాంసం ముక్కలో దాచి తినిపిస్తాడట. ‘‘అవి నోరు తెరిచి నొప్పి అని చెప్పలేవు కదండీ అయ్యగారూ, మనమే కనిపెట్టాలి’’ అన్నాడు. కాపరి పరిచర్యకు ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు!

ఈ సింహాల కథ చాలామందికి తెలియదు. సింహాలు, పులులు, చిరుతలు, ఎలుగులు, కోతులతో ఆటలాడించడాన్ని కేంద్ర ప్రభుత్వం 1998 అక్టోబరులో నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కస్‌ల నుంచి వందల సంఖ్యలో వచ్చిన సింహాలకు, పులులకు విశాఖపట్నం, తిరుపతి జూలతో సహా దేశంలో కొన్నిచోట్ల ఆశ్రయ కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆ సింహాల్లో చాలావరకు ఆఫ్రికా, ఆసియా జాతుల కలయికతో సర్కస్ బోనుల్లోనే పుట్టినవి. గిర్ అడవి వాటిది కాదు, ఆఫ్రికా కూడా వాటిది కాదు. వేట తెలియదు కనుక ఏ అడవిలో వదిలినా బతకలేవు. ఆ సంకరం మరింత పెరగకూడదని వాటికి పిల్లలు పుట్టకుండా చూశారు. అంటే సంరక్షకుడు ఏళ్ల తరబడి సేవచేసింది అంతరించిపోవడానికే మిగిలిన ప్రాణులకు. ప్రదర్శన లేదు, ఆదాయం లేదు, చప్పట్లు అంతకన్నా లేవు. చివరిదాకా తోడుండటమే ఆ పని.

సర్కస్ పోయినా మన సరదా పోలేదు. 2022 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగురి జిల్లాలో రోడ్ల మీద కంగారూలు కనిపించాయి! ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి జల్పాయిగురి? దొంగచాటుగా తరలిస్తున్నవాళ్లు వదిలేసి పోయారని అధికారులు అనుమానించారు. అటవీ సిబ్బంది వాటిని సిలిగురి దగ్గరున్న బెంగాల్ సఫారీ పార్కుకు చేర్చారు. ఆ రోజు ఫొటోలు దేశమంతా చూసింది. మర్నాటి నుంచి వాటికి గడ్డి వేసినవాళ్లను ఎవరు చూశారు?

‘మనుషులకే తిండి లేదు, సింహాలకు మాంసమా?’ అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. కానీ అవి మన దగ్గరికి చేయి చాచి రాలేదు. మన వినోదం కోసం మనమే వాటిని బోనుల్లో పుట్టించాం. కనుక ఇది దానం కాదు, బాకీ. పైగా దేవుని జాలికి అలాంటి హద్దులు లేవు. నీనెవెను ఎందుకు విడిచిపెట్టాడో యోనాకు చెబుతూ ఆయన లక్షా ఇరవై వేలమంది మనుషులతోపాటు పశువులను కూడా లెక్కలోకి తీసుకున్నాడు (యోనా 4:11).

హెబ్రీ భాషలో ‘షామర్’ అనే క్రియ ఉంది. కాపాడటం, కావలి కాయడం అని అర్థం. ఆదాముకు తోటను అప్పగించినప్పుడు వాడినది ఆ మాటే (ఆది 2:15). తమ్ముడికి నేను కావలివాడినా అని కయీను తప్పించుకోజూసినప్పుడు అతని నోట వచ్చిందీ అదే (ఆది 4:9). అహరోను ఆశీర్వాదంలో దేవుడు నిన్ను కాపాడాలని చెప్పేదీ అదే (సంఖ్యా 6:24). ఆరాధన ముగించేటప్పుడు ఈ ఆశీర్వాదం కోసం మనం తలలు వంచుతాం. దేవుడే చేసే పనిని ఒక మనిషి చీపురు, బకెట్టు పట్టుకుని చేస్తే చిన్నచూపు చూస్తాం! అందులో ప్రాణాపాయం కూడా ఉంది. 2023 నవంబరులో విశాఖ జూలో ఒక యువ సంరక్షకుడు ఎలుగుబంటి దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. రెండు రోజుల తర్వాత ఆ వార్తను మనలో ఎందరం గుర్తుంచుకున్నాం?

మన సంఘాల్లోనూ ఇదే జబ్బు. రక్షణ పొందిన రోజు సాక్ష్యానికి చప్పట్లు కొడతాం. తాగుడు మానిన తండ్రిని ఏడాదిపాటు కనిపెట్టుకుని ఉండేవారిని, మంచాన పడిన అత్తగారికి పక్కబట్టలు మార్చే కోడలిని వేదిక మీదికి పిలవం. సమరయుడు తిరిగి వస్తానని, అదనంగా ఖర్చయినదంతా తీరుస్తానని మాటిచ్చింది పూటకూళ్లవాడికే. మన ప్రభువు కూడా తిరిగి వస్తాడు. ఆయన లెక్క తేల్చే రోజున సత్రంలో, బోను దగ్గర, మంచం పక్కన నిలిచినవారిని తప్పక పిలుస్తాడు.

ఆ యువకుడికి తర్వాత పెళ్లయింది. ఆ పెళ్లి జరిపించింది నేనే. వరుణ్ణి పరిచయం చేస్తూ ‘సింహాలను చూసుకుంటాడు’ అని అందరికీ వినబడేలా చెప్పాను. ఆలస్యంగానైనా చెప్పగలిగాను!