కరువుకి కంట్రోల్ రూమ్ ఏదీ?

2009 అక్టోబరులో మాల్దీవుల మంత్రివర్గం సముద్రం అడుగున సమావేశమైంది. అధ్యక్షుడు మహమ్మద్ నషీద్, ఆయన మంత్రులు వీపున సిలిండర్లు తగిలించుకుని, నీళ్లలోనే టేబుళ్లు వేసుకుని కూర్చున్నారు. ఉద్గారాలు తగ్గించండి, లేకపోతే మా దీవులు మునిగిపోతాయి అంటూ ఓ పత్రం మీద సంతకాలు పెట్టారు. ఆ ఫొటో మీ ఫోన్‌లో ఎప్పుడో ఒకసారి కనపడే ఉంటుంది. పబ్లిసిటీ స్టంట్ అన్నవాళ్లూ ఉన్నారు. కావచ్చు. అయినా శాఖలన్నీ ఒక్కచోట కూర్చున్నాయి చూడండి, అది నాకు నచ్చింది.

మన మార్కాపురం, గిద్దలూరు వైపు అలాంటి మీటింగ్ పెట్టాలంటే సిలిండర్లు అక్కర్లేదు. కరువు ఏడాది ఎండాకాలంలో చెరువు అడుగున కుర్చీలు వేసుకోవచ్చు, తలా ఒక గొడుగు ఉంటే చాలు.

కంభం చెరువే తీసుకుందాం. గుండ్లకమ్మ నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి కిందికి దిగుతుంటే, రెండు కొండల మధ్య సందుకి అడ్డంగా విజయనగర రాజుల కాలంలో కట్ట వేశారు. వరదరాజమ్మ కట్టించిందని ఊళ్లో చెప్పుకుంటారు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకీ ఈ చెరువు ఎవరిది? నీళ్లు దిగే అడవి అటవీ శాఖది. కట్టా, తూములూ జలవనరుల శాఖవి. ఆక్రమణలు ఉంటే తేల్చాల్సింది రెవెన్యూ వాళ్లు. చేపలు మత్స్యశాఖవి. ఉపాధి హామీ కింద పూడిక తీస్తే అది గ్రామీణాభివృద్ధి లెక్క. ఊళ్లకి తాగునీళ్లు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల పని. ఆయకట్టులో ఏ పంట వేయాలో చెప్పేది వ్యవసాయ శాఖ. చెరువు ఒకటే, ఫైళ్లు ఏడు!

ఎవరి ఫైల్లో వాళ్లు కరెక్టే. అదే అసలు ఇబ్బంది.

బోరు సంగతి ఇంకా చిత్రం. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం బోరు వేయాలంటే అనుమతి కావాలి, అక్కడ నీళ్లున్నాయో లేవో భూగర్భజల శాఖ చూసి చెప్పాలి. కనెక్షన్ ఇచ్చేది డిస్కం. డ్రిప్ పైపులకి సబ్సిడీ ఇచ్చేది సూక్ష్మసేద్యం వాళ్లు. ఒకరు ఇక్కడ నీళ్లు లేవంటారు, ఇంకొకరు మోటారుకి ఉచితంగా కరెంటు ఇస్తారు, మూడోవాళ్లు పొదుపుగా వాడమంటారు. బత్తాయి చెట్లు ఎండిపోతుంటే రైతు వీళ్లలో ఎవరి మాట వినాలి? ఎవరి మాటా వినడు. అప్పు చేసి పక్కనే ఇంకో బోరు వేస్తాడు, ఇంకాస్త లోతుకి. లోతు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కనిగిరి వైపు చుట్టాలుంటే అడగండి.

మన వాళ్లకి కలిసి పనిచేయడం చేతకాదా అంటే, అదేం కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తుపాను అనగానే కోస్తా జిల్లాల్లో ఏం జరుగుతుందో మనకి తెలిసిందే. కలెక్టరేట్‌లో కంట్రోల్ రూమ్, ఫోన్ నంబర్లు, కరెంటు వాళ్లు, పోలీసులు, డాక్టర్లు, రెవెన్యూ అందరూ ఒకే గదిలో. తుపానుకి పేరుంటుంది, టైముంటుంది, టీవీలో గుండ్రంగా తిరిగే బొమ్మ ఉంటుంది. కరువుకి అవేవీ లేవు. అది చప్పుడు లేకుండా వస్తుంది, నెలల తరబడి కూర్చుంటుంది, దానికి గది ఉండదు.

కరువు ప్రకటన ఎలా జరుగుతుందో చాలామంది కుర్రాళ్లకి తెలియదు. 2016లో కేంద్రం ఇచ్చిన కరువు మాన్యువల్ ప్రకారం ముందు వానల లోటు, వాన లేని రోజుల వరుస చూస్తారు. తర్వాత సాగైన విస్తీర్ణం, ఉపగ్రహం చూపించే పచ్చదనం, నేలలో తేమ, జలాశయాలు, భూగర్భజలాలు. ఆ తర్వాత ఊళ్లకి వెళ్లి పొలాల్లో పరిశీలన. ఒక్కో లెక్క ఒక్కో శాఖ దగ్గర ఉంటుంది. ఖరీఫ్ కరువుని అక్టోబరు 30లోగా ప్రకటించాలి. ఏ ఒక్క శాఖ లెక్క ఆలస్యమైనా మండలం పేరు జాబితాలో ఉంటుందో లేదో తెలీదు. పేరు లేకపోతే ఇన్‌పుట్ సబ్సిడీ లేదు, బ్యాంకులో రుణం రీషెడ్యూల్ లేదు. కంది ఎండిన రైతుకి ఇది కాగితాల గొడవ కాదు, పిల్లోడి కాలేజీ ఫీజు.

వెలిగొండ వస్తే అన్నీ తీరిపోతాయి కదా అంటారు. రావాలనే నేనూ కోరుకుంటున్నాను. 1996లో శంకుస్థాపన, శ్రీశైలం వరద నీళ్లు 43.5 టీఎంసీలు, పులుల అడవి కింద నుంచి రెండు సొరంగాలు. రెండో సొరంగం తవ్వకం 2024లో పూర్తయింది. కొండని తొలిచేశారు గానీ, అప్పటికి ముంపు ఊళ్ల పునరావాసం ఇంకా పూర్తి కాలేదు. చూశారా, అక్కడా అంతే, ఒక శాఖ పని అయిపోయి ఇంకో శాఖ కోసం ఎదురుచూడటమే.

2025 ఆఖరుకి మార్కాపురం జిల్లా అయింది. ఇదివరకు గిద్దలూరు నుంచి ఒంగోలు వెళ్లి రావాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. ఇప్పుడు కలెక్టరేట్ దగ్గరకొచ్చింది కాబట్టి ఒకటి అడగొచ్చు. జూన్ ఒకటి నుంచి అక్టోబరు 30 దాకా వారానికో రోజు, తుపాను రోజుల్లో లాగే, నీళ్లతో సంబంధం ఉన్న శాఖలన్నీ ఒకే గదిలో కూర్చోవాలి. ఏ మండలంలో ఎన్నాళ్లుగా వాన లేదు, ఏ ఊళ్లో నీటిమట్టం ఎంత దిగింది, ఈ వారం ట్యాంకర్లు ఎక్కడికి, కొత్త బోర్లు ఎక్కడ ఆపాలి? అక్కడే తేల్చి, ఆ కాగితం గోడకి అంటించాలి. లెక్కలకి కొదవలేదు. ఏపీడబ్ల్యూఆర్ఐఎంఎస్ అని జలవనరుల వెబ్‌సైట్ ఉంది. వానలు, జలాశయాలు, భూగర్భజలాలు అన్నీ ఒకేచోట కనపడతాయి. రీల్స్ మధ్యలో ఓసారి తెరిచి మీ మండలం చూసుకోండి.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీల రోజు. ఇది రాసి ఇస్తే, ఏ శాఖకి పంపాలి అని కౌంటర్‌లో అడుగుతారు. అందరికీ అని చెప్పండి.