లేచి నడవమనడానికి మనమెవరం?



ఈ వారం కొంచెం గట్టిగానే మాట్లాడదలచాము. నొచ్చుకునేవారు నొచ్చుకోవచ్చు.

క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అనే జబ్బు ఒకటుంది. ఎం.ఇ. అని కూడా అంటారు. దీనికి పట్టిన మొదటి శాపం దాని పేరే. ఫెటీగ్ అంటే అలసట. ఆ మాట వినగానే మనం నవ్వేస్తాం. నాట్లేసి వచ్చిన మనిషికి లేదా అలసట? కానీ పొలం అలసట రాత్రి నిద్రతో పోతుంది. ఇది నిద్రతో పోదు. స్నానం చేసినా, ఫోనులో పది నిమిషాలు మాట్లాడినా, ఒక గంట కూర్చున్నా జబ్బు మొత్తం తిరగబెడుతుంది. అదీ అప్పటికప్పుడు కాదు, చాలాసార్లు మర్నాడో ఆ మర్నాడో. ఒళ్ళు నొప్పులు, నిలబడితే తల తిరగడం, మాట తట్టకపోవడం, వెలుతురూ శబ్దమూ భరించలేకపోవడం. అలా రోజులు, ఒక్కోసారి నెలలు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015 లో పరిశోధనలన్నీ పరిశీలించి, ఇది శరీరమంతటినీ పట్టే తీవ్రమైన వ్యాధి అని తేల్చింది. ఆ ఒక్క దేశంలోనే 8,36,000 నుంచి 25 లక్షల మందికి ఉండవచ్చని, వారిలో ఎక్కువమందికి జబ్బు పేరే తెలియదని చెప్పింది.

జబ్బు మర్నాడు తిరగబెడుతుంది కాబట్టే లోకం మోసపోతుంది. "ఆదివారం గుడికి వచ్చిందిగా, బాగానే పాడిందిగా" అంటారు. సోమవారం నుంచి గురువారం వరకు ఆ పిల్ల చీకటి గదిలో దుప్పటి కప్పుకుని ఉన్న సంగతి ఎవరు చూశారు? తల్లి చూసింది. తల్లి మాట ఎవరూ నమ్మరు. "నువ్వే గారం చేసి చెడగొట్టావు" అంటారు. కోడలికి వస్తే ఇక చెప్పనే అక్కర్లేదు, పనిదొంగ అన్న బిరుదు సిద్ధంగా ఉంటుంది.

చదువుకున్నవాళ్ళు ఇలా అనరనుకోకండి. 1955 లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది జబ్బు పడ్డారు. ఎక్కువమంది అక్కడి సిబ్బందే, అందులో నర్సులు చాలామంది. ఆసుపత్రినే మూసేయవలసి వచ్చింది. పదిహేనేళ్ళ తర్వాత, 1970 లో, ఇద్దరు మానసిక వైద్యులు పాత ఫైళ్ళు తిరగేసి ఇది సామూహిక హిస్టీరియా అని రాశారు. జబ్బు పడినవారిని పిలిచి పరీక్ష చేయలేదు. ఆడవాళ్ళు ఎక్కువమంది ఉండటం కూడా వారికి ఒక రుజువే అయింది! ఆ ఒక్క రాత ఎన్ని ఇళ్ళలో ఎంతమంది నోరు మూయించిందో.

తర్వాత వ్యాయామం వంతు వచ్చింది. 641 మంది రోగులతో బ్రిటన్‌లో చేసిన పేస్ అనే పరిశోధన 2011 లో అచ్చయింది. రోజురోజుకు శ్రమ పెంచుతూ పోతే మేలవుతుందని చెప్పింది. మాకు తగ్గడం లేదు, పెరుగుతోంది అని రోగులు మొత్తుకున్నారు. ఆస్ట్రేలియాలో ఇదే జబ్బుతో ఉన్న ఆలెమ్ మథీస్ అనే మనిషి ఆ లెక్కలు బయటపెట్టమని అడిగాడు. విశ్వవిద్యాలయం ఇవ్వనంది. 2016 లో ట్రిబ్యునల్ ఇవ్వవలసిందేనంది. పరిశోధకులు మొదట రాసుకున్న కొలతల ప్రకారమే మళ్ళీ లెక్క వేస్తే, కోలుకున్నారని చెప్పినవారి సంఖ్య బాగా పడిపోయింది. 2021 లో బ్రిటన్ ఆరోగ్య సంస్థ నైస్ తన మార్గదర్శకాల్లో ఆ వ్యాయామ చికిత్స వద్దని రాసింది. మంచం పట్టినవారి మాటకు విలువ రావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

అదే 2021 అక్టోబరులో ఇంగ్లండులోని ఎక్సెటర్‌లో మేవ్ బూత్‌బీ ఓనీల్ అనే 27 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. జబ్బు ముదిరి కూర్చోలేక, నమలలేక, సరైన ఆహారం లోపలికి పోక చనిపోయింది. ఆ యేడు మూడుసార్లు ఆసుపత్రిలో చేర్చారు. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2024 లో విచారణ జరిగింది. ఇంత తీవ్రంగా జబ్బు పడినవారికి ఇంగ్లండులో ప్రత్యేకమైన పడక ఒక్కటీ లేదని కరోనర్ ప్రభుత్వానికి రాశారు. నర్సులుగా అక్కడికి వెళ్ళిన మన పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్టాన్‌ఫర్డ్‌లో జన్యుశాస్త్రంలో పేరున్న రాన్ డేవిస్ కొడుకు మంచానికే అంటుకుపోయాడు. ఆ తండ్రి తన పరిశోధనను ఈ జబ్బు వైపు తిప్పాడు. 2025 లో ఎడిన్‌బరో కేంద్రంగా జరిగిన డీకోడ్ఎంఇ అధ్యయనం 15,000 మందికి పైగా రోగుల డి.ఎన్.ఎ. చూసి, ఎనిమిది చోట్ల తేడా ఉందని చెప్పింది. దాన్ని నడిపినవారిలో రోగులూ ఉన్నారు. మందు ఇంకా రాలేదు. రక్తపరీక్షతో తేల్చే మార్గమూ ఇంకా లేదు. అందుకే రిపోర్టులన్నీ నార్మల్ అని వస్తాయి. రిపోర్టు నార్మల్ అయితే మనిషి అబద్ధికురాలా?

ఇప్పుడు మా తోటి సేవకులతో ఒక మాట. స్వస్థత సభల్లో ఇటువంటివారిని వేదిక ఎక్కించి, విశ్వాసముంటే లేచి నడువు అంటున్నారు. వాళ్ళు నడుస్తారు. వెయ్యిమంది చూస్తుంటే ఎవరు నడవరు? మీరు వీడియో తీసుకుని పై ఊరికి వెళ్ళిపోతారు. మూడో రోజున ఆ ఇంటికి రండి. ఆ మంచం దగ్గర నిలబడి సాక్ష్యం చెప్పించండి చూద్దాం. అప్పుడు మాత్రం అవిశ్వాసమని, దాచుకున్న పాపమని నెపం. యోబు స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా నేలమీద కూర్చున్నంతసేపు బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే చెడింది.

మరి ప్రార్థన వద్దా పాస్టరు గారూ అంటారు. చేద్దాం. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావును కోరినప్పుడు దూత ప్రసంగం చేయలేదు. రొట్టె పెట్టాడు, నీళ్ళు పెట్టాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ప్రయాణం మాట రెండోసారి తినమన్నప్పుడే వచ్చింది.

ఏళ్ళ తరబడి నీరసమన్నవారిని ముందు పెద్ద డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్, షుగరు, టి.బి. ఉన్నాయేమో తేల్చుకోవాలి. ఏ పాస్టరు చెప్పినా మందులు ఆపకండి. అవేవీ కాదని తేలినవారి ఇంట్లో గృహకూడిక పెడితే మైకు వద్దు, డోలక్ వద్దు, ఇరవైమంది వద్దు. ఇద్దరు వెళ్ళండి, అయిదు నిమిషాలు చాలు. వచ్చే ఆదివారం గుడికి ఎందుకు రాలేదని అడగకండి. తల్లి గేదె పాలు పితకడానికి వెళ్ళాలంటే ఒకరు ఆ గడప దగ్గర కూర్చోండి. కూర గిన్నె పట్టుకెళ్ళి ఆమె చేతికివ్వండి. లోపల పిల్ల నిద్రపోతుంటే లేపకుండా వచ్చేయండి.