‘ప్రతిబింబాత్మకం’: ఒక విశేషణం, ఒక విమర్శలోపం

‘రిఫ్లెక్టివ్’ అనే ఆంగ్ల విశేషణానికి ‘ప్రతిబింబాత్మక’ అన్న ఒక్క మాటనే అన్ని సందర్భాలలోనూ వాడడం తెలుగు సాహిత్య పరిశోధనలో అలవాటుగా మారింది. దీనిని అనువాద దోషమని సరిపెట్టుకోవడం కష్టం. విమర్శదృష్టినే ఇది పక్కదారి పట్టిస్తున్నది.

‘వెనుకకు వంచు’ అనే అర్థంగల లాటిన్ క్రియ నుండి వచ్చిన ఈ పదానికి ప్రధానంగా మూడర్థాలు: కాంతిని మరలించేది, ఒక స్థితిని సూచించేది, లోతుగా ఆలోచించేది. తెలుగు వ్యవహారం వీటిని వేరుగానే ఉంచింది. అద్దం ప్రతిఫలింపజేస్తుంది; మనిషి తలపోస్తాడు, మననం చేసుకొంటాడు. అలంకారశాస్త్రంలో బింబప్రతిబింబభావం దృష్టాంతాలంకార లక్షణం. అది సాదృశ్యానికి సంబంధించినది. పాతబస్తీ ఉర్దూలోనూ ‘అక్స్’ వేరు, ‘ఫిక్ర్’ వేరు. ఈ రెండవ మాట తెలంగాణ తెలుగులో ‘ఫికర్’గా, సంస్కృత ‘చింత’ వలెనే, ఆలోచన నుండి దిగులుకు జరిగింది. అద్దం వైపు మాత్రం పోలేదు.

సాలార్‌జంగ్ మ్యూజియంలోని జంట దారుశిల్పం ఈ భేదానికి నిదర్శనం. ఎదుట మెఫిస్టోఫిలిస్, వెనుక అద్దంలో తలవంచిన మార్గరెటా. రెండవ రూపాన్ని అద్దం చూపుతుంది. ఆ ఇద్దరూ ఒకే కొయ్యలో ఎందుకున్నారని ప్రశ్నించేది చూపరి.

‘సాహిత్యం సమాజానికి దర్పణం’ అన్నది స్థిరపడిన మాటే కదా అని ఆక్షేపించవచ్చు. ఉపమానంగా దానికి అభ్యంతరం లేదు. అదే పరిశోధన ఫలితంగా చెలామణి కావడమే చిక్కు. ‘జల్జలా’ (1998), ‘వతన్’ (2004) సంకలనాలు ముస్లిం జీవితాన్ని ప్రతిబింబించాయని తేల్చి ఊరుకుంటే, ఆ రచయితలకు సాక్షుల స్థానమే దక్కుతుంది. ఆలోచనాపరుల స్థానం దక్కదు. చార్మినార్ వెనుక గల్లీ కథలో కనబడితే చాలుననుకొనే పరిశోధకుడు, ఆ గల్లీని గురించి కథ ఏమి వాదిస్తున్నదో అడగడు.

విచిత్రమేమంటే, తగిన మాట ఈ రంగం పేరులోనే ఉంది. ‘మృశ్’ ధాతువు నుండి వచ్చిన ‘విమర్శ’కు పర్యాలోచన అని అర్థం. విమర్శ లేని ప్రకాశం, వస్తువుల రంగు పులుముకొన్నా, స్ఫటికం వలె జడమేనని ప్రత్యభిజ్ఞా దర్శనంలో ఉత్పలదేవుడు నిరూపించాడు. కనుక కాంతికి ‘ప్రతిఫలక’, స్థితికి ‘సూచక’, ఆలోచనకు ‘మననాత్మక’ అని వేరుచేయడం అవసరం. రచనను స్ఫటికంగా చూసే పరిశోధనకు విమర్శ అనే పేరు చెల్లదు.